అయస్కాంతం అంటుకోని ట్యాంకు

మా పెదనాన్న చొక్కా జేబులో పెన్ను ఉండదు, కళ్ళజోడు ఉండదు. అయస్కాంతం ఉంటుంది. పాత స్పీకరు పగలగొట్టి తీసిన నల్లటి గుండ్రటి ముక్క. దాని బరువుకు జేబు ఎప్పుడూ కిందికి వేలాడుతుంటుంది. ఎవరింట్లో కొత్త గిన్నె కనపడినా, ఏ పెళ్ళిలో ఎవరు స్టీలు బిందె చదివించినా, ఆయన చెయ్యి జేబులోకి పోతుంది. అంటుకుంటే "రేకు" అంటాడు. అంటుకోకపోతే "ఒరిజినల్" అంటాడు. గురజాల దగ్గర మా ఊళ్ళో ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగాను. మెటలర్జీ చదివాను. ఆ మాట ఊళ్ళో చెప్తే, "అంటే ఏందమ్మా, పాతినప సామాన్ల కొట్టా?" అని నవ్వారు. మొదటి ఉద్యోగంలో మేనేజరు మాట్లాడుతుండగా ల్యాప్‌టాప్ మూసేసి బయటికి వచ్చేశాను. రెండో ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముంది. "అందాకా నీ నోటిని ఊళ్ళో పెట్టి రా" అని నాన్న బస్సెక్కించాడు. అలా ఆ వేసవి పెదనాన్న ఇంట్లో, ఏసీ ఉన్న ఒకే ఒక్క గదిలో, ఫోను చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

ఆ వేసవిలోనే పెదనాన్నకి సర్పంచిగా నిలబడాలని బుద్ధి పుట్టింది. మా వైపు ఎవరికైనా ఆ బుద్ధి పుట్టిందంటే ముందు జనానికి మంచినీళ్ళు గుర్తొస్తాయి. మా ఇంటి గోడ పక్కనే బస్సు ఆగుతుంది. అక్కడ నాపరాళ్ళతో అరుగు కట్టించి, దాని మీద చల్లనీళ్ళ మిషనుతో సహా స్టీలు ట్యాంకు పెట్టిస్తానని ప్రకటించాడు. తాతయ్య జ్ఞాపకార్థం. ముందువైపు రేకు మీద తాతయ్య పేరు చిన్నగా, పెదనాన్న పేరు పెద్దగా చెక్కించాలని ప్లాను. చచ్చిపోయినవాడు ఓట్లకి నిలబడడు కదా.

ట్యాంకు చేయించడానికి నరసరావుపేట వెళ్ళాం. నన్నెందుకు తీసుకెళ్ళాడంటే కారులో దారి చూపించే ఫోను కోసం. తెలిసిన రోడ్డుకి కూడా ఆయనకి ఫోను చెప్పాలి. మనిషి చెబితే మాత్రం వినడు.

షాపాయన రెండు రకాల రేకులు ముందు పెట్టాడు. ఒకటి 304 రకం, ఖరీదైనది. అంచు మడిచి, పెట్టె మూలలాగా చేసిన శాంపిలు. రెండోది 202 రకం. మడత లేని చదును ముక్క, అద్దంలా మెరుస్తోంది. పెదనాన్న జేబులో చెయ్యి పెట్టాడు. మొదటి ముక్క మడత దగ్గర అయస్కాంతం కాస్త లాగినట్టు అయింది. రెండోదాని మీద జారిపోయింది.

"చూశావా, ఇది దొంగ రేకు. ఇదే ఒరిజినల్" అన్నాడు, చవక రకాన్ని తడుముతూ.

"పెదనాన్నా, మొదటిదే మంచిది. స్టీలును మడిస్తే ఆ మడత దగ్గర కాస్త అంటుకుంటుంది. అంతే."

"మడిస్తే అంటుకోవటం ఏందే? నేను వంగితే నాకూ మాగ్నెట్టు అంటుకుంటదా?"

షాపాయన విరగబడి నవ్వాడు. ఆయనకి నిజం తెలుసు. తెలిసే, "సార్‌కి అనుభవం ఉందమ్మా" అన్నాడు. ఒకడి మూర్ఖత్వం ఇంకొకడికి వ్యాపారం అయ్యే క్షణాన్ని నేను అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. ఫోను తీసి ఆ రెండు రకాల్లో ఏముంటుందో చూపించబోయాను. "నీ ఫోన్లో కోడిగుడ్డుకి ఈకలు కూడా ఉంటయ్ గానీ, లోపల పెట్టు" అన్నాడు పెదనాన్న.

కాలేజీ వాళ్ళు ఒకసారి మమ్మల్ని స్టెయిన్‌లెస్ స్టీలు మిల్లుకి తీసుకెళ్ళారు. ఎలక్ట్రిక్ కొలిమిలోకి పాతినప తుక్కు గుమ్మరిస్తే, మనిషంత లావు కడ్డీల నుంచి కరెంటు మెరుపులా దూకుతుంది. ఆ చప్పుడుకి పక్కవాడి కేక కూడా వినపడదు. ఆ కరిగినదాంట్లోనే క్రోమియం ఉన్న ముడిలోహం వేస్తారు. నూటికి పది పాళ్ళు దాటి క్రోమియం ఉంటేనే దానికి స్టెయిన్‌లెస్ అనే పేరు. తర్వాత ఇంకో పెద్ద పాత్రలో పోసి అడుగు నుంచి ఆక్సిజన్, ఆర్గాన్ ఊది, ఎక్కువైన కార్బన్‌ని కాల్చేస్తారు. దిమ్మలుగా పోతపోసి, ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య అప్పడంలా ఒత్తుతారు. అప్పుడది నల్లటి పొలుసు పట్టి, చూడటానికి మన పెనం కంటే అన్యాయంగా ఉంటుంది. చివర్లో యాసిడ్ తొట్టిలో ముంచి పొలుసు వదిలిస్తారు. అక్కడ తెల్లగా బయటపడుతుంది.

ఆ తెలుపులో గొప్పేమీ లేదు. గొప్పంతా కంటికి కనపడని పొరలో ఉంది. లోపలున్న క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పల్చటి పొర కట్టుకుంటుంది. గీత పడితే మళ్ళీ తనే కట్టుకుంటుంది. ఇనుముని తుప్పు నుంచి కాపాడేది అదే. 304లో క్రోమియంతో పాటు నికెల్ కూడా బాగానే వేస్తారు. నికెల్ ఖరీదు. అందుకని చవక రకంలో దాన్ని తగ్గించి మాంగనీసు వేస్తారు, క్రోమియం కూడా కాస్త తగ్గుతుంది. అయస్కాంతానికి ఈ తేడా పట్టదు. నికెల్ వేసినా మాంగనీసు వేసినా అది జారిపోతుంది. అటు మన వంటింటి కత్తికి టక్కున అంటుకుంటుంది, అదీ స్టెయిన్‌లెస్సే. తుప్పు సంగతి అయస్కాంతాన్ని అడగటమంటే జ్వరం ఎంతుందో త్రాసుని అడగటమే.

ఇదంతా నరసరావుపేట నుంచి ఇంటిదాకా కారులో అరుస్తూ చెప్పాను. పెదనాన్న పాటల సౌండు పెంచాడు.

చవక రేకుతోనే ట్యాంకు వచ్చింది. దండలు, డప్పులు, నలుగురు నాయకుల ఫోటోలతో ఫ్లెక్సీ. ట్యాంకు పైన సీసీ కెమెరా కూడా పెట్టించాడు, అవతలి పార్టీ వాళ్ళు కుళాయిలు విరగ్గొడతారేమోనని. కెమెరా యాప్ నా ఫోన్లో వేసుకోవాల్సి వచ్చింది. ఆయన ఫోను నిండా గుడ్ మార్నింగ్ పువ్వులే, ఇక దేనికీ చోటు లేదు.

ఎదురింటి వాళ్ళది అవతలి పార్టీ. రెండిళ్ళ మధ్య ఉన్నది సన్నటి సిమెంటు రోడ్డే. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మాటల్లేవు. ఆ ఇంటి అమ్మాయి, నా ఈడుదే, తెల్లవారుజామున పరుగుకి వెళ్ళేది. కానిస్టేబుల్ ఉద్యోగానికి సెలెక్ట్ అయింది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటి పూర్తయితే ఆర్డరు వస్తుంది. పరుగు నుంచి వచ్చి మా ట్యాంకు దగ్గర బాటిలు నింపుకునేది. నేను మేలుకుని ఉంటే గోడ మీద నుంచి రెండు మాటలు. ఎవరైనా కనిపిస్తే ఇద్దరం ఒకరికొకరం తెలియనట్టు మొహాలు తిప్పుకునేవాళ్ళం. చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలం, పెద్దవాళ్ళ పంతాలకి కాపలా కాశాం.

ఎండలు ముదిరే సరికి ట్యాంకుకి మరకలు వచ్చాయి. ముందు కుళాయిల కింద గోధుమరంగు చారలు. తర్వాత చెక్కిన అక్షరాల్లో. తాతయ్య పేరు మీద కాస్త. పెదనాన్న పేరు మీద బాగా, అక్షరాలు పెద్దవి కదా.

మా ఇంటి ముందు కుర్చీలేసుకుని కూర్చునే బ్యాచ్ ఒకటుంది. వాళ్ళకి పని లేదు, అభిప్రాయాలున్నాయి. ఆ పొద్దున వాళ్ళు ట్యాంకు చుట్టూ తిరిగి చూశారు. పెదనాన్న జేబులోంచి అయస్కాంతం తీసి మరకల పక్కన పెట్టాడు. జారిపోయింది.

"మాగ్నెట్ అంటుకోట్లా. అంటే స్టీలు ఒరిజినలే" అన్నాడు.

"ఒరిజినల్‌కి తుప్పెట్టా పట్టిద్ది బావా?" అన్నాడొకడు.

"పట్టదు."

"పట్టదు గదా. మరి పట్టిందంటే?"

"ఎవడో పట్టించాడు."

నా చెవులతో విన్నాను. అయస్కాంతం తప్పు కాదు కాబట్టి రేకు తప్పు కాదు, రేకు తప్పు కాదు కాబట్టి శత్రువు తప్పు. ఇంకోచోట అయితే షాపాయనకి ఫోను చేసి తిడతారు. మా పల్నాడులో తుప్పుకి కూడా పార్టీ ఉంటుంది.

"యాసిడ్ పోశార్రా" అని తేల్చారు. "కెమెరా చూడండి" అన్నారు. నా ఫోను లాక్కుని చూశారు. వెలుతురు రాకముందు ఎదురింటి అమ్మాయి ట్యాంకు ముందు వంగి ఉంది, చేతిలో బాటిలు. అంతే, వాళ్ళకి సరిపోయింది.

"నీళ్ళు పట్టుకుంటోంది!" అని అరిచాను. "దాహమేసి నీళ్ళు తాగుతోంది. మీరు పెట్టింది దానికే కదా?"

"వాళ్ళింట్లో నీళ్ళు లేవంటా?" అన్నాడు బ్యాచ్‌లో ఒకాయన. "చీకట్లో వచ్చే పనేందంట?"

"పరుగు చీకట్లోనే తీస్తారు. మీరెప్పుడైనా లేస్తే తెలుస్తుంది."

"ఏమే, పెద్దంతరం చిన్నంతరం లేదా? లోపలికి పో" అన్నాడు పెదనాన్న. మర్నాడు పొద్దున గురజాల స్టేషన్‌లో కంప్లయింట్ ఇవ్వాలని నిర్ణయించారు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి గోడ దగ్గరికి తనే వచ్చింది. ఎవరు చూసినా లెక్కచేయనట్టు నిలబడింది.

"అక్కా, మీ పెదనాన్న నా మీద కేసు పెడతాడంట, నిజమేనా?"

"పెడితే పెట్టనీ. అది నిలబడదు. నీళ్ళ బాటిలు తప్ప ఏముంది అందులో?"

"నిలబడక్కర్లా అక్కా. పుడితే చాలు. వెరిఫికేషన్‌లో నా పేరు మీద కేసు కనపడితే నా ఆర్డరు ఆగిపోద్ది. అది తేలేలోపు బ్యాచ్ ట్రైనింగ్ అయిపోద్ది. వాళ్ళకి ఇది తెలీదనుకుంటన్నావా?" ఏడవలేదు. పళ్ళు బిగబట్టి మాట్లాడింది. "మా నాన్నకి చెప్పలా. చెప్తే ఆయన మనుషులతో మీ ఇంటి మీదకి వస్తాడు. అప్పుడు ఆ కేసు నిజమే అయిద్ది."

వాళ్ళకి తెలుసు. అదే నన్ను మండించింది. క్రోమియం అంటే ఏమిటో తెలియదు గానీ, ఏ పిల్ల ఉద్యోగాన్ని ఏ కాయితంతో చంపొచ్చో మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు.

గదిలోకి వెళ్ళి యాప్ తెరిచాను. బ్యాచ్ వాళ్ళు తెల్లవారుజాము చూసి ఆపేశారు. నేను మధ్యాహ్నాలు చూశాను. బస్సులు లేని వేళ, వీధంతా తలుపులేసుకుని పడుకునే వేళ, మా గేటు తెరుచుకుంటుంది. మా పెద్దమ్మ. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఒక చేతిలో గిన్నెలు తోమే ఇనప పీచు, ఇంకో చేతిలో బాత్రూం కడిగే యాసిడ్ సీసా. కుళాయిల కింద పోసి, పైన పేర్లదాకా రుద్ది, చెంబుడు నీళ్ళు చిలకరించి, కొంగుతో తుడుచుకుని లోపలికి పోతుంది. నిన్న, మొన్న, అటు మొన్న. వెనక్కి పోయినకొద్దీ అదే.

వంటింట్లోకి వెళ్ళాను. పులుసు మరుగుతోంది.

"పెద్దమ్మా, ట్యాంకు దేంతో కడుగుతున్నావు?"

"దేంతో ఏందే? యాసిడ్‌తో. నీళ్ళ మరకలు ఊరికే పోతయ్యా? తెల్లగా సున్నం కట్టినట్టు కడతయ్. ఇయ్యి పల్నాడు నీళ్ళు తల్లీ, మీ హైదరాబాదు బాటిల్ నీళ్ళు కావు."

"రోజూనా?"

"ఒకరోజు యాసిడ్, ఒకరోజు బ్లీచింగ్ పొడి. ఒకసారి రెండూ కలిపితే దగ్గొచ్చి చచ్చా. అప్పట్నుంచి ఏరేగా."

"తుప్పు దానివల్లే పట్టింది."

గరిటె ఆగింది. చెప్పాను. ఆ యాసిడ్‌లోనూ బ్లీచింగ్‌లోనూ ఉండే క్లోరిన్ ఆ పల్చటి పొరని గుచ్చి గుచ్చి చిల్లులు చేస్తుందని, చిల్లులోంచి ఇనుముకి తుప్పు మొదలవుతుందని, పీచులోని ఇనప రజను దానికి తోడని. మంచి రకమైనా ఈ యాసిడ్‌కి ఎన్నాళ్ళో ఓర్చుకునేది కాదు, కాకపోతే ఇంత త్వరగా, ఇంత సిగ్గు లేకుండా తుప్పు పట్టేది కాదు. ఫోన్లో ఆమెనే ఆమెకి చూపించాను.

"తీసెయ్ అది" అంది, చెయ్యి అడ్డం పెట్టి. "మరకలుంటే ఎవర్నంటారు? 'ఆయన పెట్టించాడు, ఇంట్లో ఆడది కడగట్లా' అనరూ? అందుకని ఎవరూ చూడకుండా కడుగుతన్నా. ఇప్పుడు మీ పెదనాన్న ఆ కుర్చీలోళ్ళ ముందు ఎంత ఎర్రోడైపోతాడే."

"అయిపోతే అయిపోనీ. ఎదురింటి పిల్ల ఉద్యోగం పోతుంది పెద్దమ్మా. దాని ఆర్డరు ఆగిపోతుంది."

"నోరు ముయ్యి. ఇది ఆయనకి తెలియటానికి లేదు."

గిన్నె విసిరికొట్టాలనిపించింది. "అయితే నేనే ఈ వీడియో బయట అందరికీ చూపిస్తాను" అన్నాను. ఆమె నా వైపు తిరగలేదు. స్టవ్ మంట తగ్గించింది. పులుసుతోనే అన్నట్టుగా అంది: "నేను ముగ్గేసేటప్పుడే ఆ పిల్ల పరిగెత్తుకుంటా వచ్చిద్ది. బాటిల్ పట్టుకోటానికి రోజూ నా ముగ్గు దాటాలి. ఒక్కరోజన్నా తొక్కలా. చుట్టూ తిరిగి వచ్చిద్ది."

 

పొద్దున పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బ్యాచ్‌కి ఇంకో ఇద్దరు తోడై వచ్చారు, స్టేషన్‌కి పోవడమంటే వాళ్ళకి పెళ్ళికి పోయినట్టే. కారు స్టార్టు అయింది. నేను ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. అప్పుడు పెద్దమ్మ నన్ను పక్కకి నెట్టుకుంటూ బయటికి వచ్చింది. చేతిలో యాసిడ్ సీసా.

నేరుగా ట్యాంకు దగ్గరికి పోయింది. కుళాయి కింద, అందరూ చూస్తుండగా, పోసింది. బుసబుసమని పొగ లేచింది. పీచుతో రుద్దడం మొదలుపెట్టింది.

"ఏందే అది? ఏం చేస్తన్నావ్?" అన్నాడు పెదనాన్న కారు దిగి.

"కడుగుతన్నా. ట్యాంకు పెట్టించిన కాడ్నుంచి కడుగుతన్నా. యాసిడ్ పోసింది ఎవరో కావాలన్నారుగా? రాసుకోండి. పేరు తెలవకపోతే మీ భార్య అని రాయించండి."

బ్యాచ్‌లో ఒకాయన దగ్గాడు. పొగకి కావచ్చు.

"యాసిడ్ పోస్తే స్టీలుకి ఏం కాదు అక్కా, ఇది ఒరిజినల్" అన్నాడు ఇంకొకడు, ఇంకా వదలకుండా.

పెదనాన్న షాపాయనకి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. "ఏంవయ్యా, నీ స్టీలు యాసిడ్‌కి తుప్పు పట్టిద్దా?"

"ఎవరు చెప్పారు సార్? ఫ్యాక్టరీలోనే యాసిడ్‌లో ముంచి తీస్తారు. దానికేమయిద్ది?"

అందరూ నా వైపు చూశారు, గెలిచినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ యాసిడ్‌లు వేరు" అని అరిచాను. "అవి పొలుసు వదిలిస్తాయి, అందులో నైట్రిక్ యాసిడ్ ఆ పొర కట్టుకోవడానికి సాయం చేస్తుంది. తర్వాత మిల్లువాళ్ళు చుక్క మిగలకుండా కడుగుతారు. ఇది హైడ్రోక్లోరిక్. రెండూ యాసిడ్‌లే కాబట్టి ఒకటే అంటే, మీరూ మిల్లు మేనేజరూ మనుషులే కాబట్టి ఒకటేనా?"

ఫోన్లో షాపాయన లైను కట్ చేశాడు. వినపడలేదో, వినపడే చేశాడో.

పెద్దమ్మ లేచి నిలబడింది. చేతులు యాసిడ్‌తో తెల్లబడి ఉన్నాయి. ఎదురింటి వరండాలో ఆ అమ్మాయి, వాళ్ళ నాన్న, ఇద్దరూ చూస్తున్నారు. "స్టేషన్‌కి పోతే నన్ను కూడా ఎక్కించుకోండి" అంది. "మీ కెమెరాలో రోజూ నేనే ఉన్నా. ఎస్సైకి నేనే చూపిస్తా."

కారు ఇంకా ఆన్‌లోనే ఉంది. పెదనాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజను ఆపేశాడు. జేబులోంచి అయస్కాంతం బయటికి తీసి, అరచేతిలో చూసుకుని, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"మాగ్నెట్ అయితే అంటుకోలా" అన్నాడు.

"అవును బావా, అంటుకోలా" అన్నారు బ్యాచ్.

అంతే. క్షమించమనే మాట లేదు, తప్పనే మాట లేదు. నాకు బాగా చదివావనే మాట కూడా లేదు, అది నేను ఆశించలేదు కాబట్టి పోనీ. కంప్లయింట్ వెళ్ళలేదు. మధ్యాహ్నం పెద్దమ్మ చేతులకి కొబ్బరినూనె రాస్తూ పెదనాన్న కనిపించాడు. ఇద్దరూ నన్ను చూసి తలుపు వేసుకున్నారు.

కొన్నాళ్ళకి గురజాల నుంచి పెయింటరు వచ్చాడు. ఆ ట్యాంకుకి నిలువునా సిల్వర్ పెయింటు వేశాడు. రంగు అవసరం లేకుండా ఉండటానికని కొలిమిలో అంత తంటాలు పడి పుట్టించిన లోహానికి, స్టీలులా కనపడే రంగు. "తళతళలాడతంది" అన్నారు బ్యాచ్. పేర్లు మళ్ళీ నల్లరంగుతో రాయించారు. ఈసారి కూడా తాతయ్యది చిన్నదే.

అప్పటికే ఎదురింటి అమ్మాయికి ఆర్డరు వచ్చింది. పెయింటు వేసిన మర్నాడే ట్రైనింగ్‌కి బయల్దేరుతూ, బ్యాచ్ అంతా కుర్చీల్లో ఉండగా, పట్టపగలు, సూట్‌కేసు రోడ్డు మీదే నిలబెట్టి ట్యాంకు దగ్గరికి వచ్చింది. బాటిలు మూత తీసి కుళాయి తిప్పింది.

"పెయింటు ఆరలేదమ్మాయ్" అన్నాడు పెదనాన్న. ఎదురింటి వాళ్ళతో ఆయన మాట్లాడగా నేను విన్న మొదటి మాట అది.

"చూశాలే పెదనాన్నా" అంది ఆ అమ్మాయి. బాటిలు అంచుదాకా నింపుకుంది. వేళ్ళకంటిన వెండిరంగుని అరుగు నాపరాయికి నిదానంగా తుడిచింది. తర్వాత తలెత్తి, కెమెరాలోకి నేరుగా చూస్తూ, సగం బాటిలు ఖాళీ అయ్యేదాకా తాగింది.

నా ఫోను టింగుమంది, ట్యాంకు దగ్గర ఎవరో ఉన్నారని. ఆ అమ్మాయి ఎక్కిన బస్సు కదిలాక పెద్దమ్మ ఉన్న వీడియోలన్నీ చెరిపేశాను. ఇది మాత్రం దాచుకున్నాను.